మరిడయ్య మూర

ఫైలు: మంచినీళ్ళ పడవ
సవరించేది: వీరవేణి, అచ్చు షెడ్డు, వంతెన చివరి కానా

సవరణ 1
మాఘ బహుళ తదియ, పోటు మొదలయ్యే వేళ

ఏం మార్చాను: మిల్లీమీటర్లు తీసి అంగుళాలు పెట్టాను.

ఎందుకు: పడవ నా దువ్వెనంత వచ్చింది.

షెడ్డు నియమం ప్రకారం ఇంతకంటే రాయక్కర్లేదు. ఫైలు ముట్టుకున్నవాళ్ళు ఏం మార్చారో, ఎందుకు మార్చారో చిట్టాలో రాయాలన్నారు. ఏం మార్చామన్నది ఒక ముక్కలో తేలిపోతుంది. ఎందుకు అని అడిగారు చూడండి, అక్కడే నా నోరు ఆగదు. ఫైల్లో గీసినదాన్ని ప్లాస్టిక్కుతో అచ్చు వేసే మిషను నడిపే అబ్బులు బాబాయి ఈ చిట్టా ఎప్పుడూ చదవడు. అంచేత నిర్భయంగా రాస్తాను.

ఇవాళ స్కాను చేసింది మా ఆయన మరిడయ్య గీసిన కాగితం. కొత్త మంచినీళ్ళ పడవ బొమ్మ అది. స్కాను చేసిన బొమ్మ మిషనుకి ఒట్టి మరకల కింద లెక్క. ఆ మరకల మీద ఒక్కొక్క గీతా నేను మళ్ళీ గీస్తే, అది అటూ ఇటూ మార్చుకోవడానికి వీలైన క్యాడ్ ఫైలు అవుతుంది. కానీ ఆ గీత పొడవు జానెడో ఆమడో మిషనుకి తెలియదు. అది చెప్పడమే నా పని. ఈ పనికి స్కేలు సరిచేయడం అని పేరు. మెట్టలో పుట్టి ఈ పని నేర్చుకుని, కోడలిగా ఈ వంతెన మీదికి వచ్చాను. వంతెన మీదే ఊరు; రెండు స్తంభాల మధ్య ఎడం ఒక కానా, కానాకి కొన్ని ఇళ్ళు.

తెర మీద దువ్వెనంత పడవని చూసి అబ్బులు బాబాయి, "చీమలకి నీళ్ళు తెత్తావేటి అమ్మాయ్?" అన్నాడు. నవ్వాను. నవ్వి చాలా రోజులైందేమో, డొక్కలో ఎక్కడో పట్టేసింది.

పడవ ఎందుకు కావాలో ఇక్కడ అందరికీ తెలుసు. అయినా ఈ ఫైలు రేపెప్పుడో ఎవరో తెరుస్తారు కదా. వంతెన కింద, చుట్టూ, కనుచూపు మేర అంతా ఉప్పునీళ్ళే. మంచినీళ్ళు కావాలంటే ఏటికి ఎదురెక్కి రెండు రోజులు వెళ్ళి మెట్ట నుంచి తేవాలి. ఉన్న ఒక్క నీళ్ళ పడవనీ తీసుకుని మా ఆయన కార్తీకంలో వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఇప్పుడు అందరం వాన తొట్టిలో నీళ్ళే తాగుతున్నాం, మనిషికి రోజుకి రెండు చెంబులు. తొట్టి అడుగు కనిపిస్తోంది.

మరిడయ్య పోయాడని వంతెన మీద అందరూ అనేశారు. నేను అనలేదు. పోతే పడవ ముక్కయినా తేలాలి కదా. ఒక్క ముక్క కూడా తేలలేదు. అది తేలేదాకా నా గాజులు నా చేతికే ఉంటాయి.


సవరణ 2
బహుళ పంచమి

ఏం మార్చాను: నిలువు గీతలన్నీ అలాగే ఉంచి, అడ్డం గీతల్ని మాత్రం కుదించాను.

ఎందుకు: కాగితం సాగింది. ఆయన ఈ బొమ్మని చూరులో దోపి పెట్టాడు. అక్కడ ఉప్పుగాలికి తడిసింది, ఎండకి ఆరింది, మళ్ళీ తడిసింది. తడిసి ఆరిన కాగితం మునుపటి కొలతకి రాదు. పైగా అన్ని వైపులా సమానంగా సాగదు.

ఎలా కనిపెట్టానంటే, పడవలో ఉండే నీళ్ళ తొట్టి మూత ఆయన ఎప్పుడూ టీ గ్లాసు బోర్లించి గీస్తాడు. గ్లాసు గుండ్రం. స్కానులో మాత్రం కోడిగుడ్డులా వచ్చింది. గుండ్రంగా ఉండాల్సింది గుండ్రంగా లేకపోతే తప్పు చేతిది కాదు, కాగితానిది. ఆ గుడ్డు మళ్ళీ గుండ్రం అయ్యేదాకా అడ్డాన్ని కుదించాను. మూత సరికాగానే పడవ ముక్కు కూడా ఆయన గీసినట్టే సన్నగా, కోపంగా నిలబడింది.

ఆయన మీద నాకూ కోపమే. ఎందుకో కూడా రాస్తాను, నియమం కదా. మా అక్క మెట్టలో, సరిగ్గా నీళ్ళు తెచ్చే రేవు దగ్గరే ఉంటుంది. పెళ్ళయి వచ్చాక దాన్ని మళ్ళీ చూడలేదు. ప్రతి నీళ్ళ ప్రయాణానికీ అడిగేదాన్ని, నన్నూ తీసుకెళ్ళవయ్యా అని. ప్రతిసారీ ఒకటే మాట, "పడవలో నీకు చోటు లేదు." ఆఖరిసారి తోడు వెళ్ళాల్సిన లోవరాజుకి జ్వరం తగిలింది. లోవరాజు చోటు ఖాళీ. ఇంకేం, మూట కట్టుకుని రేవు నిచ్చెన దాకా వెళ్ళాను. మూట వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"చోటు లేదే వేణీ," అన్నాడు.

తాడు విప్పుకుని వెళ్ళిపోయాడు. మనిషి పట్టే చోటు కళ్ళెదురుగా కనబడుతుంటే లేదన్నాడు. ఆ మాట నాకింకా అరగలేదు.


సవరణ 3
బహుళ సప్తమి

ఏం మార్చాను: మూరకి పద్దెనిమిది అంగుళాలు పెట్టాను. మళ్ళీ తీసేశాను.

ఎందుకు: బొమ్మలో అడుగులూ లేవు, మీటర్లూ లేవు. పొడవు పన్నెండు మూరలు, వెడల్పు మూడున్నర, చుక్కాని మూడు. అన్నీ మూరలే. మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా ఒక మూర. మా మెట్టలో మూర అంటే పద్దెనిమిది అంగుళాలని బడిలోనే చెప్తారు. అదే పెట్టి, అంతా అయిపోయిందని సంబరపడి, ఇంటికెళ్ళి మా అత్తకి చెప్పాను.

అత్త పేరు ధనాలు. నెత్తురు పోటుకి ఒక కన్ను పోయింది, రెండోదాంతో వల అల్లుతుంది. అల్లిక ఆపకుండానే అడిగింది.

"పద్దెనిమిదా? ఎవుడి మూరే అది?"

"మూర అంటే మూరే కదా అత్తా."

"నీ మూరా, నా మూరా, ఆడి మూరా ఒకటేనా? ఆడు దూలంలాగుంటాడు. పడవ కట్టేవోడు ఆడి చేత్తో కొలుత్తాడు గానీ బడి పంతులు చేత్తో కొలుత్తాడా?"

ఇది నాకు తెలియంది కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో పొయ్యి గట్టు వేయడానికి ఆయన నా చెయ్యి నేల మీద పెట్టించి, మోచేతి దగ్గరొకటి, వేలి కొస దగ్గరొకటి బొగ్గుతో గీతలు గీశాడు. నీ చెయ్యి పొడుగు కదా, నీ చేత్తో కొలుచుకోవచ్చుగా అంటే, "వండేది నువ్వు. నీ చెయ్యే కొలత," అన్నాడు. పడవల వాళ్ళ వాడుక అది. ఏ వస్తువు ఎవరి చేతుల్లో నడుస్తుందో, వాళ్ళ చెయ్యే దానికి కొలబద్ద. అప్పుడు మహా నవ్వొచ్చింది నాకు. నా చేతికంటిన బొగ్గు ఆయన మొహానికి పూశాను కూడా.

అయితే ఇప్పుడు కావలసింది మరిడయ్య మూర. మరిడయ్య చెయ్యి ఇక్కడ లేదు.

అబ్బులు బాబాయితో చెప్తే తల గోక్కున్నాడు. ఉజ్జాయింపుగా పెట్టేద్దామంటే కుదరదు. సముద్రంలో ఏరిన ప్లాస్టిక్కుని కరగబెట్టి చేసిన ముద్ద ఏడాదికొక పడవకి వస్తుంది, అంతే. మూర కురచగా పెడితే పడవ చిన్నదై నీళ్ళు చాలవు. పొడుగ్గా పెడితే ముద్ద సగంలో అయిపోయి, మిషను మొండి పడవని కక్కుతుంది. మళ్ళీ ఏడాది దాకా చేసేదేం లేదు. వాన తొట్టి ఏడాది ఆగదు.


సవరణ 4
బహుళ నవమి

ఏం మార్చాను: మూర ఇరవై అంగుళాలు. ఇది ఖాయం.

ఎందుకు: రాస్తాను. కొంచెం ఆగి రాస్తాను.

ఆయన చొక్కాలు వెతికాను. అన్నీ పొట్టి చేతులవే. చెప్పులున్నాయి, కానీ చెప్పులు చూసి చెయ్యి పొడవు చెప్పడం నా వల్ల కాదు. ఆయన చేత్తో కట్టింది ఏదైనా ఉందా అంటే ఇంట్లో పొయ్యి గట్టు ఒక్కటే. అది నా చేతి కొలత.

మధ్యాహ్నం ఖాళీ చాప మీద పడుకున్నాను. ఏడవడానికే పడుకున్నాను, దాచడం దేనికి. అలా పక్కకి ఒత్తిగిలితే మెడ కింద వెలితిగా అనిపించింది. ఆయన మోచెయ్యి సరిగ్గా అక్కడుండేది. చెయ్యి నా వీపు మీదుగా కిందికి చాపితే వేళ్ళు నడుం ఎముక దగ్గర ఆగేవి. ఎముక మీద కాదు, దానికి కాస్త పైన, చీర ముడి దగ్గర. నిద్రలో ఆ వేలు ముడిని గోకేది. ఎన్నిసార్లు విసుక్కున్నానో.

లేచి సుద్దముక్క తెచ్చి అత్తకిచ్చి, మళ్ళీ అలాగే పడుకున్నాను. "అత్తా, ఇక్కడ ఒక గీత పెట్టు," అని మెడ కింద చూపించాను. పెట్టింది. "ఇక్కడొకటి," అని నడుం దగ్గర చూపించాను. పెట్టింది. ఏం కొలుస్తున్నానో అడగలేదు. లేచి టేపు పెట్టి చూస్తే ఇరవై. అటూ ఇటూగా ఇరవై.

"అటూ ఇటూగా అంటే మిషను ఒప్పుకోదు అత్తా," అన్నాను. "ఇది నా ఒంటికి గుర్తున్న కొలత. నిజమైన కొలత ఒక్కటి దొరికితే చాలు, దీన్ని సరిచూసుకోవచ్చు."

అత్త చాప మీద ఆ రెండు సుద్ద గీతల్నీ చాలాసేపు చూసింది. తర్వాత వంగి తన మంచం కిందికి చెయ్యి పెట్టింది. పాత చీర చుట్టిన పొడుగాటి మూట ఒకటి లాగింది. విప్పింది.

చుక్కాని.

మా పడవ చుక్కాని. పిడి దగ్గర ఆయన వేడి మేకుతో గీసిన చేప బొమ్మ ఉంది. కింద ఒక మూల విరిగింది.

"ఆడెల్లిన మూడో రోజున ఎనిమిదో కానా కింద తగిలింది," అంది అత్త. "ఎవురికన్నా కనబడితే ముద్దలో ఏసేత్తారని దాచేను. నీకు చెబితే... నువ్వు రోజూ రేవు కాడికెల్లి చూత్తన్నావు కదే. చూడనీలే అనుకున్నాను."

విరిగిన వస్తువు ఏదైనా కరగబెట్టడం ఇక్కడి పద్ధతి. అందుకు దాచింది. నాకు చెప్పకపోవడానికి కారణం అది కాదు.

"మా ఆయనా, ఈడూ చుక్కాని ఎప్పుడూ మూడు మూరలే పెడతారు. కొలు," అంది.

కొలిచాను. అరవై అంగుళాలు. మూడు ఇరవైలు అరవై. ఇంచు తేడా లేదు.

స్కేలు సరిపోయింది. మా ఆయన చచ్చిపోయాడు. రెండూ ఒకే టేపు మీద తేలాయి. అత్తా నేనూ ఆ చుక్కానికి చెరో పక్కనా కూర్చుని పొద్దుగూకేదాకా ఏడ్చాం. పొయ్యి వెలిగించలేదు.


సవరణ 5
బహుళ ఏకాదశి

ఏం మార్చాను: వెనక మూలలో ఉన్న పెట్టెలాంటి భాగాన్ని పెంచాను. తప్పయింది. తిరిగి పాత కొలతకే తెచ్చాను.

ఎందుకు: ఇరవై పెట్టాక పడవంతా కుదిరింది. రాసిన అంకె, గీసిన గీత ఎక్కడికక్కడ కలిశాయి. ఒక్క ఆ వెనక మూల మాత్రం కలవదు. నాలుగు మూరలని రాసిన చోట గీత మూడుంబావు మూరలు కూడా లేదు. మూడు అని రాసిన చోట రెండున్నరకి కాసింత తక్కువే. లోపల గుండ్రంగా ఒక చిల్లు, దాని పక్కన ఒక చిన్న పెట్టె. అవీ అంతే. ఆ మూలలో ప్రతి గీతా రాసినదానికంటే కురచ.

ఈ పని నేర్చుకునేటప్పుడు మొదట చెప్పే సూత్రం ఒకటుంది. గీతని నమ్మకు, రాసిన అంకెని నమ్ము. గీసేటప్పుడు చెయ్యి జారొచ్చు, కానీ అంకె ఆలోచించి వేస్తారు. సరే అని అంకెల్ని నమ్మి ఆ మూలని పెంచాను. పెంచితే దాని గోడ వెళ్ళి నీళ్ళ తొట్టిలోకి దూరింది.

అబ్బులు బాబాయి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అసలదేటమ్మాయ్ ఆ మూల?"

"తెలియదు బాబాయ్. పేరు రాయలేదు. తాళ్ళు పెట్టుకోవడానికో ఏమో. ఆ చిల్లు నీళ్ళు పోవడానికి కాబోలు."

"పాత పడవలో లేదుగా. తీసిపారెయ్. ఎలాగూ ముద్ద సాలట్లేదు."

ముద్ద లెక్క ఆయన వేసే ఉంచాడు. ఇరవై అంగుళాల మూరతో పడవ కొంచెం పెద్దదైంది. ఈ ఏడు నీళ్ళు లేక వేటకి వెళ్ళినవాళ్ళు తక్కువ, ఏరిన ప్లాస్టిక్కూ తక్కువే. అత్త ఇచ్చిన చుక్కానినే బాగుచేసి కొత్త పడవకి పెడదామని ఒప్పుకున్నాం, అంత ముద్ద మిగిలింది. అయినా తగ్గుతోంది. తగ్గేది కూడా సుమారుగా ఆ మూలకి పట్టేంతే.

ఇల్లు చేరేదాకా దారి పొడుగునా మా ఆయన్ని తిట్టుకుంటూ వచ్చాను. పోయినవాళ్ళని తిట్టకూడదంటారు. నన్ను పడవ ఎక్కనివ్వకపోతే పోనీ, బొమ్మ అయినా సరిగ్గా గీసి ఏడవచ్చు కదా. నాలుగు అని రాసి నాలుగు గీయడానికి ఏం రోగం. రేపు వెళ్ళి ఆ మూల తీసేస్తాను.


సవరణ 6
బహుళ ద్వాదశి

ఏం మార్చాను: ఏమీ మార్చలేదు. ఆ మూల మొదట గీసిన గీతలే నిజం.

ఎందుకు: పొద్దున్నే అత్తకి జావ కాస్తున్నాను. నీళ్ళు తక్కువ, కాబట్టి గంటె తీయకుండా కలుపుతూనే ఉండాలి, లేకపోతే అడుగంటుతుంది. ఎడం చెయ్యి అలవాటుగా గట్టు మీద ఆనించాను. మోచెయ్యి గట్టు ఈ అంచున, వేళ్ళు ఆ అంచున. సరిగ్గా పట్టింది. రోజూ పడుతూనే ఉంది, నేనే ఎప్పుడూ చూసుకోలేదు.

గట్టు పొడవు రెండు మూరలు, వెడల్పు మూర. ఆ మూలలో చిన్న పెట్టెకి రాసిన అంకెలు కూడా రెండు, ఒకటి. పక్కన గుండ్రం చిల్లు.

జావ దించి, టేపు పట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. పరిగెత్తానని దారిలో ఎవరో అన్నారట. నా మూర పదహారు అంగుళాలు. పదహారుతో ఆ మూలని లెక్కేశాను. నాలుగు మూరలంటే అరవై నాలుగు. గీత కొలిస్తే అరవై నాలుగు. మూడు మూరలంటే నలభై ఎనిమిది. గీత నలభై ఎనిమిది. చిన్న పెట్టె ముప్పై రెండుకి పదహారు, మా ఇంట్లో గట్టు ఎంతో అంతే. ఆ గుండ్రం చిల్లు నీళ్ళు పోవడానికి కాదు. పొయ్యి.

నీళ్ళ పడవలో పొయ్యి ఉండదు. మగాళ్ళు అటుకులు తిని రెండు రోజులూ గడిపేస్తారు. ఈ పడవలో ఆయన పొయ్యి గూడు గీశాడు, దాని పక్కన మనిషి పడుకునే చోటు గీశాడు. పడవంతా తన చేత్తో కొలిచి, ఆ ఒక్క మూలనీ నా చేత్తో కొలిచాడు. నన్నడగకుండానే కొలిచాడు. నా చెయ్యి ఎంతో ఆయనకి తెలుసు.

సుద్ద తీసుకుని షెడ్డు నేల మీద ఆ కొలతలకి గీతలు గీశాను. మధ్యలో పడుకున్నాను. తలకీ గోడకీ మధ్య నాలుగు వేళ్ళు, కాళ్ళ దగ్గర నాలుగు వేళ్ళు. ఆయనైతే ఇందులో పట్టడు. లోవరాజూ పట్టడు. ఇది నాకే.

అబ్బులు బాబాయి గుమ్మంలో ఆగిపోయాడు. "ఏటమ్మాయ్, ఒంట్లో బాగోలేదా?"

"చోటు చూస్తున్నాను బాబాయ్," అన్నాను.

చెప్పాను అంతా. ఆయన వచ్చి సుద్ద గీత అవతల కూలబడ్డాడు. తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

"పాత పడవకి అడుగు పోయిందమ్మా," అన్నాడు. "నాకూ ఆడికీ తెలుసు. అతుకులేసి తిప్పేడు. నిన్నెక్కించుకోపోడానికి కారణవదే అయ్యుంటాది. కొత్తదొచ్చేదాకా నోరిప్పకూడదనుకున్నాడేమో. నీకు చెబితే నువ్వాణ్ణి ఎల్లనిత్తావా మరి?"

ఎల్లనిచ్చేదాన్ని కాదు. తాడు పట్టుకుని కూర్చునేదాన్ని. మూట కట్టుకుని నేను నిచ్చెన దగ్గర నిలబడ్డప్పుడు ఆయన చెప్పింది పాత పడవ సంగతి. నిజమే చెప్పాడు. ఆ పడవలో నాకు చోటు లేదు. నాకు చోటున్న పడవ అప్పటికే చూరులో ఉంది.


సవరణ 7
బహుళ చతుర్దశి

ఏం మార్చాను: పొయ్యి మూలని విడిగా ఒక లేయరులోకి తీసి, ఆ లేయరు ఆర్పేశాను.

ఎందుకు: నీళ్ళు.

నిన్నంతా ముద్ద లెక్క వేస్తూ కూర్చున్నాం. ఎన్నిసార్లు వేసినా ఒకటే జవాబు. తొట్టి నిండుగా, ఆ మూల కూడా ఉండాలంటే ముద్ద చాలదు. రెంటిలో ఒకటి వదులుకోవాలి.

"తొట్టి కురచ సేద్దారి," అన్నాడు అబ్బులు బాబాయి. "మనిషికి ఏ అరచెంబో తగ్గుద్ది. ఎవురేవంటారు? నేను సెప్తాను అందరికీ. మరిడయ్య గీసిన పడవ, మరిడయ్య గీసినట్టే రావాల."

ఆ మాటకి నాకు ఎంత ఆశ పుట్టిందో రాయకపోతే అబద్ధమాడినట్టే. ఆ మూలలో కూర్చుని మెట్టకి వెళ్ళాలి. పొయ్యి మీద ఏదో ఒకటి ఉడకేయాలి. అక్క ఒళ్ళో తల పెట్టి ఇదంతా చెప్పాలి. నాకోసం ఒక మనిషి ఈ లోకంలో గీసి పెట్టిపోయిన చోటు అదొక్కటే. దాన్ని వదులుకోమంటే నా వల్ల కాదనిపించింది. సరే బాబాయ్ అని కూడా అనేశాను.

ఇంటికి వెళ్ళేటప్పుడు ఆరో కానాలో ఒక బాలింత గుమ్మం ముందు కూర్చుని ఉంది. పసిపిల్లకి నీళ్ళు పోసి, ఆ నీళ్ళు కింద పళ్ళెంలో పట్టి, గుడ్డతో వడగట్టి కుండలో పోసుకుంటోంది. నన్ను చూసి సిగ్గుపడి కుండ మీద కొంగు కప్పింది. "పడవ ఎప్పుడొత్తాదక్కా?" అని అడిగింది. వచ్చేస్తుందమ్మా అన్నాను.

ఆ అరచెంబు ఆ కుండలోంచి పోతుంది.

ఇంటికెళ్ళి అత్తకి చెప్పాను, పొయ్యి మూల సంగతి, ముద్ద సంగతి, బాలింత సంగతి. అత్త వల పక్కన పెట్టింది. ఎప్పుడూ పక్కన పెట్టదు.

"ఆడు గీసేడుగా," అంది. "గీసేడని నీకు తెలిసిందిగా."

"తెలిసింది అత్తా."

"నా కాడ ఆ చుక్కాని ఉంటే ఆడున్నట్టే ఉండేది. ఇచ్చేసేను. ఇచ్చేక రెండు రోజులు మంచం కింద చెయ్యెట్టి తడువుకున్నాను." మళ్ళీ వల అందుకుంది. "నీ ఇట్టం. ఏం చేసినా నేనేవనను."

ఇవాళ షెడ్డుకి వచ్చి ఆ మూలలో గీతలన్నీ ఒక్కొక్కటే పట్టుకుని వేరే లేయరులో పెట్టాను. లేయరు అంటే పొర. దాన్ని ఆర్పేస్తే మిషనుకి కనబడదు, అచ్చులో రాదు. చెరిపినట్టు మాత్రం కాదు. ఫైల్లో ఉంటుంది. చెరపడానికి ఒక్క మీట నొక్కితే చాలు, ఆర్పడానికి రెండు నొక్కాలి. రెండు నొక్కాను. ఖాళీ అయిన ఆ చోట్లోకి తొట్టి గోడ జరిపాను. గోడ నున్నగా జరిగింది, ఏ అడ్డూ లేదు.

చేతికున్న ప్లాస్టిక్కు గాజులు తీసి ముద్ద తొట్టిలో వేశాను. అబ్బులు బాబాయి ప్రతి వస్తువునీ తూకం వేసి మరీ వేస్తాడు. వాటిని తూకం వేయలేదు. మొహం తిప్పుకుని మిషను ఆన్ చేశాడు.


సవరణ 8
ఫాల్గుణ శుద్ధ దశమి

ఏం మార్చాను: ఏమీ లేదు. ఇది ఆఖరి చిట్టా.

పడవ ఒక్క అచ్చులో వచ్చింది. ముద్ద పిడికెడు మిగిలింది. పాత చుక్కాని పెట్టగానే వేలు పట్టేంత సందు కూడా లేకుండా కూర్చుంది. చేప బొమ్మ ఉన్న పిడిని అత్త ఒకసారి తడిమి వదిలేసింది. లోవరాజు, వాళ్ళ తమ్ముడు కలిసి తీసుకెళ్ళారు. రేవు నిచ్చెన దాకా నేనూ వెళ్ళాను, ఈసారి మూట లేకుండా.

నిన్న తిరిగొచ్చారు. తొట్టి నిండా నీళ్ళు. ఆరో కానా బాలింతకి మొదటి బిందె ఇచ్చారు. నాకూ ఒక చెంబు ఇస్తే గటగటా తాగేశాను. మా ఊరి నీళ్ళు. రుచి మరిచిపోయాననుకున్నాను, మరిచిపోలేదు.

లోవరాజు చింతపండు పొట్లం చేతిలో పెట్టాడు. అక్క పంపిందట. పడవ రేవు చేరేసరికే వచ్చి నిలబడి ఉందట.

"యేణి రాలేదేం అనడిగిందక్కా," అన్నాడు లోవరాజు. నా మొహం చూడలేక తాడు చుట్టుకుంటున్నాడు. "ఏం సెప్పాలో తెలీలేదు. పడవలో సోటు లేదండీ అని సెప్పేం."

మంచి జవాబే చెప్పావయ్యా అన్నాను. చింతపండు ఇంటికి తెచ్చి, నా మూరకి కొలిచిన గట్టు మీద పెట్టుకుని, దాని ముందు కూర్చున్నాను. వండలేదు.

ఇక ఈ ఫైలు తెరవబోయేవాళ్ళకి ఒక మాట. ఈ పడవ కూడా ఎప్పుడో పాతబడుతుంది, మళ్ళీ అచ్చు వేయాల్సి వస్తుంది. అప్పటికి నేను ఉండొచ్చు, లేకపోవచ్చు. ఫైల్లో ఆర్పేసిన లేయరు ఒకటి కనిపిస్తుంది. దాని పేరు "వేణి చోటు". ముద్ద ఎక్కువగా దొరికిన ఏడాదైతే దాన్ని వెలిగించండి. వెలిగించగానే రాసిన అంకెలు, గీసిన గీతలు కలవడం లేదని, స్కేలు తప్పిందని మీకు అనిపిస్తుంది. తప్పలేదు. పడవ మరిడయ్య మూర, ఇరవై అంగుళాలు. ఆ మూల ఒక్కటీ అతని పెళ్ళాం మూర, పదహారు.

దయచేసి దాన్ని సరిచేయకండి.